సోనోమా తీరంలో 'పిల్లలతో వైన్ కంట్రీ డే' ప్యాకేజీ కొనబోతున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

బే ఏరియా తెలుగువాళ్ల కోసం, ముఖ్యంగా ఇంట్లో చిన్నపిల్లలూ ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లూ ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను. శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన ఉన్న సోనోమా తీరానికి ఒక్కరోజు ట్రిప్ అంటూ 'ఫ్యామిలీ ఫ్రెండ్లీ' పేరుతో అమ్ముతున్న ప్యాకేజీలు కొనేముందు కాస్త ఆగండి. మేం కొన్నాం. డబ్బు పోయిందనే బాధ ఉంది గానీ అది రెండో సంగతి. పిల్లల్ని ఏ నీళ్ల పక్కన దింపి 'ఆడుకోండి' అన్నారో చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

ఆపరేటర్ పేరు చెప్పను. కట్టిన డబ్బు వెనక్కి రావాలని బ్యాంకులో డిస్ప్యూట్ (అభ్యంతరం) నడుస్తోంది. పైగా అచ్చం ఇవే మాటలున్న ప్రకటనలు వేరేచోట్లా కనిపిస్తున్నాయి, కాబట్టి పేరు కంటే వాళ్ల పద్ధతి తెలియడమే మనకు పనికొస్తుంది.

ప్రకటనలో ఉన్నవి ఇవి. ఫ్రీమాంట్ నుంచి వ్యాన్, అందులో కార్ సీట్లు వాళ్లవే. పిల్లలు పరిగెత్తడానికి పచ్చిక ఉన్న వైనరీ (వైన్ తయారుచేసి రుచి చూపించే చోటు), వాళ్లకు ద్రాక్షరసం. శాకాహారం లంచ్. సాయంత్రం 'కిడ్స్ బీచ్ టైమ్'. మా అత్తగారూ మామగారూ రాజమండ్రి నుంచి వచ్చి ఉన్నారు. పిల్లల్లో మావాడికి ఆరేళ్లు, చిన్నదానికి మూడు. అత్తగారికి ద్రాక్షతోటలు చూడాలని ఎప్పట్నుంచో ముచ్చట. మామగారికి తాగుడు గిట్టదు, అయినా సముద్రం ఉందంటే సరే అన్నారు.

మొదటి మోసం బుకింగ్ పేజీలోనే ఉంది. ముందు చూపించిన రేటు ఒకటి, కార్డు నంబరు కొట్టాక కనబడింది ఇంకొకటి. మధ్యలో 'ఫెసిలిటీ ఫీ' అని ఒకటి, 'చైల్డ్ హ్యాండ్లింగ్' అని ఇంకొకటి. పిల్లల్ని మోసేది మేమే, హ్యాండ్లింగ్ ఎవరు చేశారో! కాలిఫోర్నియాలో 2024 జూలై 1 నుంచి దీనికి చట్టం ఉంది. తప్పనిసరిగా కట్టాల్సిన ఫీజులన్నీ ప్రకటించిన ధరలోనే కలిసి ఉండాలి, ప్రభుత్వానికి కట్టే పన్నుల్లాంటివి మాత్రమే విడిగా వేయొచ్చు. అలా చివర్లో ఫీజు మొలిస్తే ఆ రెండు స్క్రీన్లూ ఫొటో తీసి పెట్టుకోండి. డిస్ప్యూట్‌లో మాకు బాగా అక్కరకొచ్చినవి అవే.

పొద్దున్న వ్యాన్ వచ్చింది. లోపల కార్ సీట్ లేదు, పిల్లల్ని ఎత్తులో కూర్చోబెట్టే బూస్టర్ కూడా లేదు. అడిగితే డ్రైవరు, 'ఇది టూర్ వెహికల్, బెల్ట్ చాలు' అన్నాడు. మెయిల్‌లో పిల్లల వయసులు రాసి, సీట్లు ఉంటాయని జవాబు కూడా తెప్పించుకున్నాం కదా అంటే భుజాలెగరేశాడు. ఇక్కడి నిబంధన అందరికీ తెలిసిందే. ఎనిమిదేళ్లలోపు పిల్లలు వెనక సీట్లో, కార్ సీట్‌లోనో బూస్టర్‌లోనో ఉండాలి. చాలామందికి తెలియనిది ఇంకొకటి ఉంది: తల్లో తండ్రో బండిలో ఉంటే ఆ బాధ్యత డ్రైవరు మీద నుంచి వాళ్ల మీదకు వస్తుంది. అతనికి అంత తీరిక ఎందుకో అప్పుడు అర్థమైంది. మా ఆయన పరిగెత్తుకెళ్లి మా కారులో సీట్లు ఊడదీసి తెచ్చి బిగించారు. ఈలోగా ఆలస్యమైందని మొదటి స్టాప్ ఎత్తేశారు. ఆ స్టాప్ డబ్బు మాత్రం ఎత్తేయలేదు.

ఇక వైనరీ. గేటు దగ్గరే బోర్డు ఉంది, 21 ఏళ్లు నిండినవాళ్లకే ప్రవేశమని. ఇందులో వైనరీవాళ్ల తప్పు నాకేం కనబడలేదు. మందు పోయడానికి వయసు 21 అనేది చట్టం. పిల్లల్ని లోపలికి రానివ్వాలా వద్దా అనేది చాలావరకు ఆ వైనరీ ఇష్టం. కొన్నిచోట్ల పిక్నిక్ బల్లలు వేసి పిల్లలతో రమ్మంటారు, కొన్నిచోట్ల గేటు దగ్గరే ఆపేస్తారు. అక్కడి అమ్మాయి చాలా మర్యాదగా, 'పిల్లలున్నారని మీ కంపెనీవాళ్లు మాకు చెప్పలేదు, చెప్పి ఉంటే కుదరదనేవాళ్లం' అంది. ఫోన్‌లో ప్రకటన చూపిస్తే ఆ పచ్చిక ఫొటో తమది కానే కాదంది.

చివరికి పార్కింగ్ పక్కన ఒక బల్ల చూపించారు. అత్తగారూ మామగారూ పిల్లలతో అక్కడ కూర్చున్నారు, ఎండలో. 'ఇంత దూరం తీసుకొచ్చి గేటు బయట కూర్చోబెట్టారేమిటే అమ్మాయ్, పిలవని పేరంటానికి వచ్చినట్టు' అన్నారు అత్తగారు. నేనూ మా ఆయనా లోపలికి వెళ్లలేదు, మనసొప్పలేదు. వైన్ రుచి చూసే టేస్టింగ్ ఫీజు మాత్రం నలుగురు పెద్దవాళ్లకూ పడింది. ఈ ప్రాంతంలో ఒక్కో టేస్టింగ్ ముప్ఫై నలభై డాలర్లు దాటడం మామూలే, కాబట్టి తాగని పెద్దవాళ్లకు కూడా కట్టిస్తున్నారా అని ముందే అడగండి. ద్రాక్షరసం ఊసే లేదు. లంచ్ గురించి ఒక్క మాటతో వదిలేస్తాను: టర్కీ ముక్క తీసేసిన శాండ్‌విచ్‌ను శాకాహారం అంటారని మామగారికి ఆ రోజే తెలిసింది.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదవండి.

'కిడ్స్ బీచ్ టైమ్' అని మమ్మల్ని దింపింది జెన్నర్ దగ్గర గోట్ రాక్ బీచ్‌లో. రష్యన్ రివర్ వచ్చి పసిఫిక్‌లో కలిసే చోటు అది. చూడటానికి అంత అందమైన చోటు ఈ తీరంలో అరుదు, కాదనను. నది పక్క నుంచి చూస్తే నీళ్లు నిద్రపోతున్నట్టే ఉంటాయి. సముద్రం పక్క మాత్రం ఒడ్డు నిటారుగా దిగిపోతుంది. అల ఒడ్డుకు దగ్గరగా వచ్చి ఒక్కసారిగా విరుగుతుంది, వెనక్కి వెళ్లేటప్పుడు కాళ్ల కింద ఇసుకను లాక్కుపోతుంది. చాలాసేపు చిన్న అలలే వస్తుంటాయి. మనం ధైర్యం చేసి ఇంకాస్త ముందుకు వెళ్లాక, చెప్పాపెట్టకుండా ఒక పెద్ద అల ఒడ్డు మీదికి చాలా దూరం ఎక్కేస్తుంది. ఇక్కడివాళ్లు వీటిని స్నీకర్ వేవ్స్ అంటారు. ఉత్తర కాలిఫోర్నియా తీరంలో వీటివల్ల మనుషులు కొట్టుకుపోయిన సందర్భాలున్నాయి. సముద్రానికి వీపు తిప్పొద్దని అక్కడ బోర్డులే పెట్టారు. నీళ్లు ఎండాకాలంలో కూడా 50, 55 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరే ఉంటాయి. ఈతొచ్చిన పెద్దవాళ్లకే ఒక్కసారిగా ఊపిరి ఎగబీల్చుకుపోయే చలి అది. విశాఖలోనో కాకినాడలోనో మోకాళ్ల లోతు దిగి ఆడిన అలవాటు ఇక్కడ పనికిరాదు.

మా గైడు పిల్లలకు చిన్న బకెట్లు ఇచ్చి 'నీళ్ల దగ్గరికి వెళ్లి నింపుకుని రండి' అన్నాడు. అక్కడ బోర్డు చదువుతున్నది మామగారు. ఆయనకు ఇంగ్లీషు ధాటిగా రాకపోయినా గోదావరి పక్కన పుట్టిన మనిషి, నీళ్ల వాలు చూసి కేక వేసి పిల్లలిద్దర్నీ పైకి లాగేశారు. కాసేపటికి పిల్లలు నిలబడిన చోటు దాటి నీళ్లొచ్చాయి. ఏమీ కాలేదు. కానీ 'మేం రోజూ ఇక్కడికే తీసుకొస్తాం, ఏమీ కాదు' అన్న గైడు మాట మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు. ఇంకా అక్కడ హార్బర్ సీల్స్ అనే సముద్రపు జంతువులు ఉంటాయి. మార్చి నుంచి ఆగస్టు దాకా అవి తమ పిల్లలతో ఒడ్డు మీద పడుకుంటాయి, మనం 50 గజాలు దూరం ఉండాలి. మా గైడు ఫొటో కోసం మా వాణ్ని వాటి వైపే నడిపించబోయాడు. సముద్రపు క్షీరదాలను ఇబ్బంది పెట్టడం 1972 నుంచి ఫెడరల్ చట్టం కింద నేరం.

పిల్లలతో సముద్రమే చూడాలనుకుంటే బోడెగా బే దగ్గర డోరన్ రీజనల్ పార్కుకు వెళ్లండి. ఖాతం లోపలికి వంగిన రెండు మైళ్ల బీచ్, అలలు నెమ్మదిగా ఉంటాయి, బల్లలూ బాత్రూములూ ఉన్నాయి. కారుకు ఎంట్రీ ఫీజు ఉంటుంది. అక్కడ కూడా చెయ్యి వదలొద్దు. పెద్దవాళ్లకు నడక సుఖంగా ఉండాలంటే గెర్న్‌విల్‌లోని ఆర్మ్‌స్ట్రాంగ్ రెడ్‌వుడ్స్ మంచిది. చదునైన దారి, 300 అడుగులు దాటిన చెట్లు. మా అత్తగారిని తర్వాత అక్కడికే తీసుకెళ్లాం, దండం పెట్టుకుని వచ్చారు. ఎండ మండినా వాన పడినా శాంటా రోజాలో స్నూపీ బొమ్మలు గీసిన చార్ల్స్ షుల్జ్ మ్యూజియం ఉంది, పక్కనే ఐస్ రింక్. ఏ ప్యాకేజీ అక్కర్లేదు, సొంత కారు చాలు. స్వెటర్లు మాత్రం మర్చిపోవద్దు. శాంటా రోజాలో ఎండ మాడుస్తున్నా తీరంలో పొగమంచుతో వణుకు పుడుతుంది. ఆ చల్లదనం వల్లే ఇక్కడ పీనో న్వార్ ద్రాక్ష బాగా పండుతుందట. మన పిల్లలకు పట్టేది మాత్రం జలుబే. హైవే 1 మలుపులకు వాంతులయ్యే పిల్లలుంటే ముందు వాళ్ల కడుపు సంగతి చూసుకోండి.

అయినా వ్యాన్ టూరే కావాలంటే వైనరీ పేరు, బీచ్ పేరు మెయిల్‌లో రాయించుకోండి. 'ఒక అందమైన బీచ్' అని రాస్తే ఒప్పుకోవద్దు. ఆ వైనరీకి మీరే ఫోన్ చేసి పిల్లల వయసులు చెప్పి అడగండి. వ్యాన్ నడిపేవాళ్లకు స్టేట్ పబ్లిక్ యుటిలిటీస్ కమిషన్ ఇచ్చే టీసీపీ (అద్దె ప్రయాణ బండ్ల) పర్మిట్ నంబరు ఉండాలి, బండి మీద కనబడాలి. కమిషన్ సైట్‌లో కొట్టి చూస్తే అది చెల్లుతుందో లేదో తెలిసిపోతుంది. నంబరు అడిగితే మాట మార్చేవాళ్లతో వెళ్లొద్దు.

రిఫండ్ అడిగితే 'వచ్చేసారికి వోచర్ ఇస్తాం' అన్నారు. తీసుకోలేదు. వోచర్ తీసుకుంటే గొడవ అక్కడితో తీరిపోయిందని బ్యాంకుకు చెప్పుకుంటారని నా అనుమానం. క్రెడిట్ కార్డుతో కట్టాం కాబట్టి బ్యాంకుకు రాతపూర్వకంగా డిస్ప్యూట్ పంపాం. ఆ చార్జి కనబడిన మొదటి స్టేట్‌మెంట్ నుంచి 60 రోజుల్లోపు పంపాలి, ఆలస్యం చేయొద్దు. ఫీజుల సంగతి అటార్నీ జనరల్ ఆఫీసుకు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాం.

ఇప్పటికే ఇలాంటిది బుక్ చేసుకున్నవాళ్లు క్యాన్సిలేషన్ గడువు చూసుకోండి. మాది 72 గంటలు. శనివారం ఉదయం 9 గంటలకు వ్యాన్ అయితే బుధవారం ఉదయం 9తో సరి. ఈ లోపే బీచ్ ఏదో అడిగి చూడండి, 'గోట్ రాక్' అంటే క్యాన్సిల్ చేసేయండి.