ఉక్కు గోళీల వరుసా, మోటార్ల గొలుసా? సాలిటన్‌కి ఏది?

ఆకారం చెదరకుండా ఒంటరిగా సాగే అల సాలిటన్. కాలేజీ ల్యాబులో దాన్ని పట్టడానికి రెండు దారులు: గాడిలో ఆనించి పేర్చిన ఉక్కు గోళీలను ఓ చివర కొట్టడం, లేదా పక్కవాటి కదలికకు స్పందించే మోటార్లను గొలుసుగా కలపడం.

ఖర్చు: గోళీలకైతే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో 19 మి.మీ. బేరింగ్ గోళీలు పాతిక, ఒక గాడి, రెండు పియెజో బిళ్లలు (నొక్కితే కరెంటు సిగ్నల్ ఇచ్చేవి) చాలు. మోటార్లకైతే ఒక్కో యూనిట్‌కీ మోటారు, ఎన్‌కోడర్ (తిరిగిన కోణం కొలిచేది), మైక్రోకంట్రోలర్ (మోటారును నడిపే చిన్న కంప్యూటర్ చిప్). హైదరాబాద్ కోఠిలో ఎలక్ట్రానిక్స్ దొరికే గుజరాతీ గల్లీ అంతా గాలించినా బిల్లు ఎన్నో రెట్లు.

కొలత: గోళీల అల వెడల్పు సుమారు ఐదు గోళీలు, వేగం సెకనుకు వందల మీటర్లు. సెకనుకు లక్ష శాంపిళ్లైనా (కొలతలు) తీయని స్కోప్, అంటే సిగ్నల్‌ను గీతగా చూపే పరికరం, దండగ. మోటార్ల అలకు ఫోన్ కెమెరా సరిపోతుంది.

చెడేది: గోళీలను బిగించి నొక్కితే, చిన్న దెబ్బకు మామూలు ధ్వని తరంగమే వస్తుంది. బరువైన గోళీతో కొడితే ఒకటికి బదులు అలల వరుస. మోటార్లలో కంట్రోల్ లూప్ (కోణం కొలిచి మోటారును సరిదిద్దే చక్రం) ఆలస్యమైతే గొలుసంతా ఊగిపోతుంది. గేర్ల లూజు చిన్న కోణాలను మింగేస్తుంది. ఒక్కోటి 1 ఆంపియర్ లాగితే 12 మోటార్లకు 12 ఆంపియర్ల సప్లై ఉండాలి. ఇక్కడ పిసినారితనం వద్దు.

అసలు తేడా శక్తిలో. గోళీల్లో ఘర్షణ అలను కరిగిస్తూ పోతుంది. మోటారు ఎడమ పొరుగుకీ కుడి పొరుగుకీ వేర్వేరుగా స్పందిస్తే, పోయిన శక్తి తిరిగి అందుతుంది. అయస్కాంతాలతో రెండేసి నిలకడ స్థానాలిస్తే కింకు (ఒక స్థానం నుంచి రెండో దానికి మారే మలుపు), దాని వ్యతిరేక కింకు (తిరుగు మలుపు) రెండూ ఒకే దిక్కుకు నడుస్తాయి! 2024లో నేచర్ పత్రికలో వచ్చిన ప్రయోగం చూపింది ఇదే.

ఒక సెమిస్టర్, హెర్ట్జ్ స్పర్శ నియమం (గోళీలు నొక్కుకునే కొద్దీ బలం ఎలా పెరుగుతుందో చెప్పేది) వరకైతే గోళీలు. ఏడాది గడువు, కోడింగ్ తెలిసిన జట్టు ఉంటే మోటార్లు.