ఆయిల్‌లో మీగడ, టెస్టర్‌లో నీలం: హెడ్ గాస్కెట్ లీక్ పరీక్ష సెట్టుపై సమీక్ష

ఆయిల్ పోసే మూత విప్పినప్పుడు దాని లోపలి వైపు లేత పసుపు రంగులో మీగడలాంటి పదార్థం పేరుకొని కనిపిస్తే, కారు యజమానికి ముందుగా వినిపించే మాట హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కూ, దానిపైన ఉండే సిలిండర్ హెడ్‌కూ మధ్య బిగించే పలుచని సీలు) పోయిందని. ఆ మాట మీద హెడ్ విప్పించే ముందు ఎవరికి వారు చేసుకోగల పరీక్ష ఒకటి ఉంది. దానికి కావలసిన సెట్టును కంబషన్ లీక్ టెస్టర్ అనీ, బ్లాక్ టెస్టర్ అనీ పిలుస్తారు. నీలం రంగు ద్రవం ఉన్న సీసా, ఆ ద్రవాన్ని పోసే పారదర్శకమైన గొట్టం, దాని అడుగున రబ్బరు కోను, పైన చేత్తో నొక్కే రబ్బరు బల్బు ఇందులో ఉంటాయి. నా కారు మూత కింద మీగడ కనిపించిన తరువాత నేను ఈ సెట్టును కొని వాడాను. ఇది మంచి సాధనమే కాని, ఏ ప్రశ్నకు జవాబు చెబుతుందో తెలియకుండా వాడితే మనిషిని సులభంగా తప్పుదోవ పట్టించగలదు.

ద్రవంలో ఉండేది బ్రోమోథైమాల్ బ్లూ అనే రసాయన సూచిక. పీహెచ్ విలువ 7.6 కంటే ఎక్కువగా ఉన్నంతవరకు అది నీలంగా ఉంటుంది. 6 కంటే తగ్గితే పసుపుగా మారుతుంది. సిలిండర్‌లో మండిన వాయువు గాస్కెట్ పగులు గుండా కూలెంట్‌లోకి (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవంలోకి) చేరితే, అందులోని కార్బన్ డయాక్సైడ్ రేడియేటర్ పైభాగంలోని గాలిలో కలుస్తుంది. ఆ గాలిని బల్బుతో ద్రవం గుండా లాగినప్పుడు కార్బానిక్ ఆమ్లం ఏర్పడి రంగు మారుతుంది. సూత్రం ఇంత స్పష్టంగా ఉండటం, ఫలితం కంటికి నేరుగా కనిపించడం ఈ సాధనంలో నాకు బాగా నచ్చిన అంశాలు.

వాడటంలో మాత్రం శ్రద్ధ కావాలి. వేడి మీద ఉన్న రేడియేటర్ మూతను ఎట్టి పరిస్థితిలోనూ తీయకూడదు కనుక, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే మూత తీసి, కూలెంట్ కొంచెం బయటికి తీసి మట్టం తగ్గించి, ఆ తరువాత ఇంజిన్ స్టార్ట్ చేసి వేడెక్కనివ్వాలి. మట్టం తగ్గించకపోతే వేడికి వ్యాకోచించిన కూలెంట్ టెస్టర్‌లోకి ఎక్కి ద్రవాన్ని పాడుచేస్తుంది. అప్పుడు కనిపించే రంగుకు ఏ విలువా ఉండదు. కోను మూతి చుట్టూ గట్టిగా ఆని ఉండాలి, లేకపోతే బయటి గాలే లోపలికి వస్తుంది. ద్రవం ఇంకా పనిచేస్తున్నదో లేదో తెలుసుకోవడానికి సైలెన్సర్ చివర కాసేపు ఆ పొగను లాగి చూడాలి. పెట్రోల్ ఇంజిన్ అయితే నీలం పసుపుగా మారుతుంది, మళ్లీ స్వచ్ఛమైన గాలి పంపితే నీలం తిరిగి వస్తుంది. నేను కొన్న సెట్టుతో వచ్చిన సూచనల కాగితంలో ఈ సరిచూసుకునే పద్ధతి లేదు. ఇది పెద్ద లోపమని నేను భావిస్తున్నాను, ఎందుకంటే పాడైన ద్రవం కూడా నీలంగానే ఉండి, ఇంజిన్ బాగుందన్న తప్పుడు ధైర్యం ఇవ్వగలదు.

అసలు విషయం ఇక్కడే ఉంది. ఈ టెస్టర్ వెతికేది కూలెంట్‌లో చేరిన మండిన వాయువును. మూత కింద కనిపించే మీగడ ఆయిల్‌లో కలిసిన నీరు. ఈ రెండూ ఒకే లోపం వల్ల రావచ్చు, రాకపోవచ్చు కూడా. గాస్కెట్ సిలిండర్‌ను తాకకుండా, కూలెంట్ దారికీ ఆయిల్ దారికీ మధ్య మాత్రమే తెగితే, ఆయిల్ పూర్తిగా పాలలా మారిపోయినా టెస్టర్‌లో నీలం నీలంగానే ఉంటుంది. కూలెంట్‌తో ఆయిల్‌ను చల్లబరిచే ఆయిల్ కూలర్ లోపల పగిలినా అంతే. కనుక రంగు మారితే లీకు ఉందని దాదాపుగా నమ్మవచ్చు, మారకపోతే ఆయిల్‌లోకి కూలెంట్ రావడం లేదని మాత్రం చెప్పలేము.

మరోవైపు, కూలెంట్‌తో ఏ సంబంధమూ లేకుండానే మీగడ ఏర్పడటం చాలా సాధారణం. ఒక లీటరు పెట్రోల్ మండితే సుమారు ఒక లీటరు నీరు పుడుతుంది. అందులో అత్యధిక భాగం ఆవిరిగా సైలెన్సర్ గుండా పోయినా, కొంత పిస్టన్ రింగులను దాటి క్రాంక్‌కేస్‌లోకి (పిస్టన్ల కింద ఉండే ఇంజిన్ అడుగు భాగంలోకి) దిగుతుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేసే చిన్న చిన్న ప్రయాణాలలో ఆ ఆవిరి బయటికి పోలేక, అన్నిటికంటే చల్లగా ఉండే మూత దగ్గర నీరై ఆయిల్‌తో కలిసి చిక్కబడుతుంది. కూలెంట్ ప్రవాహాన్ని అదుపు చేసే థర్మోస్టాట్ తెరుచుకొని ఉండిపోయి ఇంజిన్ సరిగా వేడెక్కకపోయినా, క్రాంక్‌కేస్ ఆవిరిని లాగివేసే పీసీవీ వాల్వ్ లేదా దాని గొట్టం పూడుకుపోయినా ఇదే జరుగుతుంది. నా కారులో డిప్‌స్టిక్‌పై (ఆయిల్ మట్టం చూసే కడ్డీపై) ఆయిల్ శుభ్రంగా ఉంది, కూలెంట్ మట్టం తగ్గలేదు, టెస్టర్ నీలంగానే ఉండిపోయింది. పూడుకుపోయిన పీసీవీ గొట్టాన్ని శుభ్రం చేసి, ఆయిల్ మార్చిన తరువాత మీగడ తిరిగి రాలేదు. ఇక్కడ టెస్టర్ ఇచ్చిన సాక్ష్యం మూడింటిలో ఒకటి మాత్రమే. డిప్‌స్టిక్ చెప్పినదే నా దృష్టిలో ఎక్కువ బరువైనది.

తయారీ విషయానికి వస్తే, గొట్టం దృఢంగా ఉంది, బల్బు వాల్వ్ సరిగా పట్టింది. ఒకే కొలత కోను ఇవ్వడం వల్ల వెడల్పు మూతి ఉన్న ఎక్స్‌పాన్షన్ ట్యాంకులకు (వేడికి వ్యాకోచించిన కూలెంట్ చేరే ట్యాంకులకు) ఇది సరిగా కూర్చోదు. డీజిల్ కారు ఉన్నవారు కొనేముందు ద్రవం డీజిల్‌కు కూడా తగినదేనా అని చూసుకోవాలి, ఎందుకంటే డీజిల్ పొగలో కార్బన్ డయాక్సైడ్ పాలు తక్కువ.

కూలెంట్ కొద్దికొద్దిగా తగ్గుతూ, ట్యాంకులో బుడగలు వస్తూ, ఇంజిన్ వేడెక్కుతున్నవారికి ఈ సెట్టును నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. డిప్‌స్టిక్‌పైనే ఆయిల్ పాలలా కనిపిస్తున్నవారు దీనికి ఖర్చు పెట్టనవసరం లేదు. ఈ పరీక్షకు ఇంజిన్ నడపవలసి ఉంటుంది, కూలెంట్ కలిసిన ఆయిల్‌తో ఇంజిన్ నడిస్తే బేరింగులు దెబ్బతింటాయి. అటువంటివారు కారును స్టార్ట్ చేయకుండా గ్యారేజీకి లాగించి, కూలింగ్ వ్యవస్థకు ప్రెషర్ టెస్ట్ చేయించుకోవడం మేలు.