కాలమైన్ సీసా, కలబంద మట్ట, వంటసోడా: చెట్ల దురదకు ఏది ఎంతవరకు

తాడ్వాయి, ఏటూరునాగారం అడవిలో నల్లజీడి, మక్క చేన్ల గట్ల మీద వయ్యారిభామ, కంచెలకు అల్లుకున్న దూలగొండి. మూడూ దురదే పుట్టిస్తాయి గానీ మూడింటికీ మందు ఒకటి కాదు. వరంగల్‌లో మందుల దుకాణానికి పోయి దురద అంటే ముందు చేతిలో పెట్టేది గులాబి రంగు కాలమైన్ లోషన్. సరుకు మంచిదే. కాకపోతే దాని పని దురదను చల్లార్చడం వరకే, ఒంటికి అంటిన విషాన్ని అది తీయలేదు. తీసేది సబ్బు. అందుకే ఈ వరుసలో మొదటి మార్కు చౌక సబ్బుబిళ్లకే.

నల్లజీడి గింజ పెంకులోని నల్ల నూనె, చాకలి దాంతో బట్టల మీద పెట్టే గుర్తులంత గట్టిగా చర్మాన్ని పట్టుకుంటుంది. పది నిమిషాల్లోపు సబ్బు, చల్లనీళ్లతో కడిగితే చాలావరకు పోతుంది, అరగంట దాటాక సబ్బుకు దక్కేది కొంచెమే. నురుగు పెట్టి, బట్టతో తుడిచి, నీళ్లు పోయాలి. ఇలా మూడుసార్లు. గోళ్ల సందులు, గొడ్డలి పిడి, వేసుకున్న బట్టలు కూడా కడగాలి, లేకపోతే మర్నాడు వాటి నుంచే మళ్లీ అంటుతుంది. కొబ్బరినూనె రాసి వదిలేస్తే జీడి నూనె అందులో కరిగి పక్కకు పాకుతుంది. రాసినా వెంటనే తుడిచి, సబ్బుతో కడగాల్సిందే. దద్దురు ఒకటి రెండు రోజులు ఆగి లేస్తుంది, కాబట్టి ‘ఏమీ కాలేదు’ అని మొదటి రోజే తేల్చొద్దు. పొక్కుల్లోంచి కారే నీళ్లతో దద్దురు పాకదు, అది ఉత్త భయం.

దూలగొండి దారి వేరు. కాయ మీది సన్నని నూగు గుచ్చుకుంటుంది కాబట్టి రుద్దితే ఇంకా లోపలికి దిగుతుంది. ముందు సెల్లోటేప్ అంటించి లాగాలి, ప్రతిసారీ కొత్త ముక్కతో నాలుగైదు సార్లు. తర్వాతే నీళ్లు. ఈ దురద మామూలు అలర్జీ దారిలో పుట్టేది కాదు. అందుకే అలర్జీ మాత్ర వేసుకున్నా పెద్దగా తగ్గదు. ఆ డబ్బు టేపుకు పెట్టడం నయం.

ఇక చల్లార్చే సరుకులు. కాలమైన్ సీసా అడుగున మందు పేరుకుంటుంది. బాగా ఊపకుండా పోస్తే పైనీళ్లే వస్తాయి. దూదితో పలుచగా అద్దాలి, రోజుకు మూడు నాలుగు సార్లు. పాత పొర కడగకుండా కొత్తది వేస్తే చర్మం పెళుసెక్కి పగులుతుంది. కళ్ల దగ్గర, తెగిన పొక్కుల మీద వద్దు. లేబుల్ మీద డైఫెన్‌హైడ్రమిన్ (ఒక అలర్జీ మందు) అని ఉంటే ఆ సీసా పక్కన పెట్టి ఉత్త కాలమైన్ అడగండి, పైపూతగా వాడితే ఆ మందే కొందరికి కొత్త అలర్జీ తెస్తుంది.

ఓట్స్‌కు రెండో మార్కు. సాదా ఓట్స్ అరకప్పు మిక్సీలో మెత్తగా పట్టాలి. చెంచా పొడి గ్లాసు నీళ్లలో వేస్తే పాలలా తెల్లబడాలి, అడుగున కూర్చుంటే ఇంకా పట్టాలి. అర బకెట్ గోరువెచ్చని నీళ్లలో కలిపి, పావుగంట మెల్లగా పోసుకోవాలి. గచ్చు జారుతుంది, చూసుకోండి. మసాలా ఓట్స్ ప్యాకెట్ తెచ్చేవాళ్లు కూడా ఉంటారు, అది ఉప్మాకే.

వంటసోడా మూడు చెంచాలకు ఒక చెంచా నీళ్లు కలిపి ముద్ద చేస్తే కాసేపు హాయిగానే ఉంటుంది, కానీ క్షారం కాబట్టి రోజుకొకసారి మించొద్దు. బట్టల సోడా వేరే సరుకు, అది చర్మాన్ని కాలుస్తుంది. విడిగా పొట్లం కట్టిచ్చే దుకాణంలో పేరు తేటగా చెప్పి తీసుకోవాలి.

కలబంద మట్ట కోయగానే కారే పసుపు పాలే దురద పుట్టిస్తాయి. మట్టను పావుగంట నిలబెట్టి, కడిగి, మధ్య గుజ్జు మాత్రమే వాడాలి. పచ్చ రంగు, సెంటు వేసిన సీసా జెల్ కన్నా ఇది నయం.

పసుపు, వేప ముద్దకు మార్కు ఇవ్వలేం. పొక్కుల మీద పట్టు కట్టి, లోపల చీము పట్టినా కనబడనీయవు. నిమ్మరసం అసలే వద్దు, ఎండ తగిలితే అదే కాలుస్తుంది.

వయ్యారిభామ మాటే కష్టం. కనురెప్పలు, మెడ, మోచేతి మడతల్లో దద్దురు పెట్టి, ఏటా ముదురుతుంది. ఎండిన మొక్క ధూళికీ లేస్తుంది. చామంతి కూడా ఆ కుటుంబమే, అందుకే ఈ దురద ఉన్నవాళ్లకు చామంతి పూలు కలిపిన నలుగుపిండి నప్పదు. వీళ్లకు తడిబట్ట పట్టు పావుగంట చొప్పున, కాలమైన్ తాత్కాలికం. పీకేటప్పుడు నిండు చేతుల అంగీ, గ్లౌజులు, ముఖానికి బట్ట ఉండాలి. దుకాణంలో ఊరికే ఇచ్చే ఘాటు స్టెరాయిడ్ క్రీము ముఖానికి వారాల తరబడి రాస్తే చర్మం పలుచబడి ఎర్ర నరాలు తేలుతాయి.

ముఖం, కళ్లు వాచినా, జీడి కాల్చిన పొగ పీల్చి దగ్గు, ఆయాసం వచ్చినా, జ్వరంతో చీము పట్టినా ఈ సరుకులన్నీ ఇంట్లోనే పెట్టి వరంగల్‌లోని ఎంజీఎం ఆసుపత్రికో, దగ్గరి ఏరియా ఆసుపత్రికో బయల్దేరాలి. పోయేటప్పుడు ఆ మొక్క కొమ్మను చేత్తో తాకకుండా కవర్లో వేసుకుపోతే డాక్టర్‌కు సగం పని తగ్గుతుంది.