ఐషమ్ జోన్స్ రికార్డులు: ఏవి ముందు వినాలి

‘ఇట్ హ్యాడ్ టు బి యు’ పాటను ‘కాసాబ్లాంకా’ చిత్రంలోనో, తరువాతి తరాల గాయనీగాయకుల గొంతులోనో విన్నవారు మనలోనూ ఉన్నారు గానీ, ఆ పాటకు బాణీ కట్టిన ఐషమ్ జోన్స్ పేరు వారిలో చాలామందికి తెలియదు. ఆయన 1894లో ఒహాయో రాష్ట్రంలోని కోల్టన్‌లో పుట్టి, మిషిగన్‌లోని సాగినాలో పెరిగి, 1915లో షికాగో చేరారు. అక్కడ శాక్సఫోన్ వాయిస్తూనే సొంత వాద్యబృందాన్ని నిలబెట్టి, హోటల్ షెర్మన్‌లోని కాలేజ్ ఇన్‌లో నృత్యానికి వచ్చేవారి కోసం ఏళ్ల తరబడి వాయించారు. 1920 మొదలు 1936 వరకు ఆ బృందం బ్రన్స్‌విక్, విక్టర్, డెక్కా కంపెనీలకు ఇచ్చిన రికార్డులు సంఖ్యలో చాలా ఎక్కువ, నాణ్యతలో ఎగుడుదిగుడు. అన్నింటినీ వరుసగా వినమని ఎవరికీ సలహా ఇవ్వలేను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలిస్తే మాత్రం ఇవి నిరాశపరచవు.

ఈ రికార్డులను వినే ముందు ఒక విషయం మనసులో పెట్టుకోవాలి. మనకు పాట అంటే గాయకుడు. వాద్యబృందం అతని వెనుక నిలబడుతుంది. జోన్స్ కాలపు నృత్య రికార్డులో ఈ క్రమం తలకిందులుగా ఉంటుంది. మూడు నిమిషాల నిడివిలో పల్లవి ముందుగా శాక్సఫోన్ల మీద, తరువాత ట్రంపెట్ మీద వినిపిస్తుంది. గాయకుడు ఉంటే మధ్యలో ఎక్కడో ఒకసారి పల్లవి పాడి తప్పుకుంటాడు. చాలా రికార్డుల్లో అతడు అసలు ఉండనే ఉండడు. 1924లో జోన్స్ బృందం రికార్డు చేసిన ‘ఇట్ హ్యాడ్ టు బి యు’లో గస్ కాన్ రాసిన సాహిత్యం ఒక్క మాటైనా వినిపించదు. మొదటిసారి విన్నప్పుడు ఇది లోటుగానే తోస్తుంది. రెండోసారి వింటే, మాటల ఆసరా లేకుండా ఆ బాణీ ఎంత ధీమాగా నడుస్తుందో, మెట్లు దిగుతూ మళ్లీ ఎక్కే ఆ స్వరాల కూర్పులో ఎంత పొదుపు ఉందో స్పష్టమవుతుంది. బాణీ కట్టిన మనిషే బృందాన్ని నడిపితే కలిగే లాభం ఇదే: అలంకారాలు తక్కువ, వరస మీద గురి ఎక్కువ.

అదే 1924లో ‘స్పెయిన్’, ‘ఐ విల్ సీ యు ఇన్ మై డ్రీమ్స్’, ‘ది వన్ ఐ లవ్’ పాటలు కూడా వెలువడ్డాయి. ఒక్క ఏడాదిలో ఇన్ని నిలిచే పాటలు కట్టిన స్వరకర్తలు ఏ భాషలోనైనా అరుదు. వీటిలో ‘ఐ విల్ సీ యు ఇన్ మై డ్రీమ్స్’ను రే మిల్లర్ బృందంతో కలిసి రికార్డు చేశారు, ఫ్రాంక్ బెసింజర్ అందులో పల్లవి పాడారు. ‘ది వన్ ఐ లవ్’ను గాయకుడు అల్ జాల్సన్ జోన్స్ బృందంతో పాడారు. జాల్సన్ గొంతు మాత్రం ఆ బాణీకి మరీ పెద్దది. అది నెమ్మదిగా చెప్పుకోవలసిన బాధను నాటకశాల చివరి వరుసకు వినిపించేలా పాడినట్లుంది.

ఇక ధ్వని సంగతి. 1925కు ముందు రికార్డింగుకు మైకు లేదు. వాద్యకారులందరూ ఒక పెద్ద కొమ్ముబూరా ముందు చేరి వాయించేవారు. ఆ ధ్వని తాకిడికే సూది కదిలి మైనపు ఫలకం మీద గాడి పడేది. అందుకే ఈ కాలపు రికార్డుల్లో లోతైన స్వరాలూ, డ్రమ్ముల మోతా దాదాపు వినిపించవు. పాత రంగస్థల పద్యాల గ్రామఫోను రికార్డులతో పరిచయం ఉన్నవారికి ఈ గరగర ఇబ్బంది కాదు. విచిత్రమేమిటంటే, 1925లో బ్రన్స్‌విక్ ప్రవేశపెట్టిన ‘లైట్ రే’ అనే తొలి విద్యుత్ పద్ధతి రికార్డులు, చాలాచోట్ల, పాత పద్ధతి కంటే మసకగా ఉంటాయి. ఆ పద్ధతి వాడిన రెండేళ్ల సరుకును నిస్సంకోచంగా దాటవేయవచ్చు.

ఆ తొలి దశలో తప్పక వినవలసినది 1921 నాటి ‘వాబాష్ బ్లూస్’. ఇది జోన్స్ కట్టినది కాదు. కానీ లూయీ పానికో తన ట్రంపెట్‌ను, దాని నోటికి అడ్డుపెట్టే మూతలతో, ఏడిపించి నవ్వించిన తీరు వల్ల లక్షల్లో అమ్ముడుపోయింది. ఈనాటి చెవికి అది కొంత కోణంగి వేషంలా అనిపించినా, ఆ బృందానికి దేశవ్యాప్తంగా పేరు ఎందుకు వచ్చిందో అర్థమవుతుంది.

నా దృష్టిలో ఈ మొత్తం రాశిలో అత్యంత విలువైన రికార్డు 1930 నాటి ‘స్టార్‌డస్ట్’. స్వరకర్త హోగీ కార్మైకేల్ 1927లో ఈ బాణీని మొదట రికార్డు చేసినప్పుడు అది చురుకైన నడకతో సాగే వాద్య రచన. జోన్స్ బృందం విక్టర్ యంగ్ చేసిన వాద్యాల కూర్పులో దాని వేగం తగ్గించి, వయొలిన్‌కు చోటిచ్చి, ప్రేమగీతంగా మార్చింది. ఆ తరువాత దానిని పాడినవారిలో అత్యధికులు ఆ నెమ్మదినే అనుసరించారు. మాటలు లేకుండానే ఒక రచన స్వభావాన్ని శాశ్వతంగా మార్చిన రికార్డు ఇది. ఒక్కటే వినే తీరిక ఉన్నవారు దీనినే ఎంచుకోవాలి.

1932 నుంచి 1934 వరకు విక్టర్ కంపెనీకి చేసినవి బృందంగా వారి పరాకాష్ఠ. అప్పటికి గార్డన్ జెంకిన్స్ వాద్యాల కూర్పులు చేస్తున్నారు. ట్యూబా అనే పెద్ద ఇత్తడి బూరా, బాస్ అనే పెద్ద తీగల వాద్యం రెండూ కలిసి వాయించడం వల్ల కింది స్వరాలకు మరే బృందంలోనూ లేని బరువు వచ్చింది. జెంకిన్స్, ట్యూబా వాద్యకారుడు జో బిషప్ కలిసి కట్టిన ‘బ్లూ ప్రిల్యూడ్’లో ఆ చీకటి రంగు బాగా వినిపిస్తుంది. ఎడ్డీ స్టోన్ పాడిన హాస్యగీతాలు మాత్రం ఆ కాలానికే పరిమితం. నాలుగైదు విన్నాక చాలనిపిస్తుంది.

డెక్కాకు మారాక మెరుగు కొంత తగ్గింది. అయినా 1936లో, బృందం చెదిరిపోవడానికి కొద్దికాలం ముందు, ‘దేర్ ఈజ్ నో గ్రేటర్ లవ్’ వచ్చింది. కంపెనీ దానిని రికార్డుకు రెండో వైపున వేసింది. జాజ్ వాద్యకారులు ఈనాటికీ వాయిస్తున్నది ఆ రెండో వైపునే. అందులో పాడిన వుడీ హెర్మన్, బృందంలో మిగిలిన కొందరితో కలిసి అదే ఏడాది సొంత బృందాన్ని ప్రారంభించారు.

కొనదలచినవారు బృంద సభ్యుల పేర్లు, రికార్డు చేసిన తేదీలు ముద్రించిన సంకలనాలనే ఎంచుకోవాలి. చౌక డిజిటల్ సంకలనాల్లో వేర్వేరు ఏళ్ల రికార్డులు తేదీ లేకుండా కలిసిపోయి ఉంటాయి. గరగర తొలగించే ఉత్సాహంలో శాక్సఫోన్ల ఊపిరిని కూడా తుడిచేసినవి వాటిలో ఎక్కువ. అమెరికాలో 1924 నాటి ధ్వని రికార్డులపై హక్కులు 2025 జనవరి 1న తొలగిపోయాయి కాబట్టి, పైన చెప్పిన 1924 నాటి పాటల కోసం ప్రత్యేకంగా డబ్బు పెట్టనక్కరలేదు. ఖర్చు చేయదలిస్తే విక్టర్ కాలానికి చేయడం మేలు.