ఒక మేకు, ఆరు పంచర్లు

శ్రీశైలం వెళ్లొచ్చాం. దర్శనం గంటన్నరలో అయిపోయింది, డ్యామ్ చూశాం, ఆదివారం రాత్రికి ఇల్లు చేరాం. మిగతాదంతా టైరు గోలే.

మేం నలుగురం. కార్ల పిచ్చే కలిపింది. ఒకాయన బ్యాంకు క్యాషియరు, ఒకాయన లెక్కల మాస్టారు, ఒకడు యాక్సిడెంటైన బళ్లకి నష్టం లెక్కగట్టే ఇన్సూరెన్స్ సర్వేయరు. నాది నైట్ షిఫ్టు ఉద్యోగం. రెండో శనివారం బ్యాంకుకి సెలవు కదా అని శుక్రవారం నాలుగింటికే బయల్దేరదామనుకున్నాం. క్యాష్‌లో ఐదొందలు తేడా వచ్చిందని క్యాషియరు తన మారుతి 800 వేసుకుని తుక్కుగూడకి వచ్చేసరికి ఐదున్నర.

శ్రీశైలం దారిలో మన్ననూరు అటవీ చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూస్తారు, మళ్లీ ఉదయం ఆరుకే తీస్తారు. లోపలంతా పులుల అడవి. అయినా టైముందిలే అనుకున్నాం. దారిలో నా స్విఫ్టు ఎడమవైపుకి లాగడం మొదలెట్టింది. ముందు టైర్లో మేకు. స్టెప్నీ దించితే అందులో గాలి పది పాయింట్లు కూడా లేదు. ఇంజన్ ఆయిల్ ఏ గ్రేడు మంచిదని వారమంతా కొట్టుకునే నలుగురిలో ఒక్కడూ స్టెప్నీ చూసుకోలేదు!

మెల్లగా నడుపుకుంటూ ఓ పంచర్ షాపుకి చేరాం. కుర్రాడు భలే మర్యాదగా "టైమ్ పడ్తది, మీరు చాయ్ తాగి రా పోండ్రి అన్నా" అన్నాడు. వెళ్లాం. అక్కడే దెబ్బ తిన్నాం. తిరిగొచ్చేసరికి టైరు మీద సబ్బు నీళ్లు, ఆరు చోట్ల బుడగలు. "ఆరున్నయ్ అన్నా. ఒక్కోటి నూటయాభై." చీకటి పడుతోంది, గేటు మూసేస్తారన్న కంగారొకటి. 900 ఇచ్చేశాను.

మన్ననూరు చేరేసరికి తొమ్మిదీ పది. బతిమాలాం. గార్డు కోప్పడలేదు, గేటూ తీయలేదు. అతని తప్పేం లేదు. రాత్రంతా కార్లోనే. మాస్టారు నాతో మాట్లాడటం మానేశారు, సీటు వెనక్కి వాల్చి దుప్పటి ముసుగేశారు. సర్వేయరుకి మాత్రం నిద్ర పట్టలేదు. ఫోన్ లైటు వేసి టైరు ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఇటు రా బావా. మేకు దిగింది ఈ నడిమి గాడిలో. మిగతా ఐదూ చూడు, అంచు మీద వరసగా, జానెడుకొకటి. మేకులు కొలుచుకుని దిగుతాయా?"

నిజమే. ఆ ఐదూ పంచర్ కుర్రాడి సూది పోట్లే.

శ్రీశైలంలో ముందే డబ్బు కట్టిన లాడ్జి గది 1,800. ఉదయం ఎనిమిదికి వెళ్తే "మీ రోజు అయిపోయింది సార్" అన్నాడు మేనేజరు, తలెత్తకుండానే. అంతకంటే పక్కనే సత్రం వెయ్యి రెట్లు నయం. నలుగురికీ కలిపి 700, బకెట్టు నిండా పొగలు కక్కే వేణ్ణీళ్లు. ఏసీ లేకపోతేనేం? నా మాట విని సత్రంలోనే దిగండి. ఘాట్ దిగేటప్పుడు మాత్రం బ్రేకు మీద కాలేసి కూర్చోకండి, సెకండ్ గేర్లో వదలండి. మా క్యాషియరు మారుతి 800 అలాగే కిక్కురుమనకుండా దిగింది, ఏసీ కట్టేస్తే ఎక్కడం కూడా ఎక్కింది. ఆయన ఆ మాట ఇప్పటికి నలభైసార్లు చెప్పాడు.

పంచర్ వేయిస్తే పక్కనే నిలబడండి. సూది పెట్టకముందే సబ్బు నీళ్లు కొట్టించి ఎన్ని చోట్ల గాలి పోతోందో మీ కళ్లతో చూడండి. టీ తర్వాత తాగొచ్చు.

సోమవారం టైరు షాపులో చూపిస్తే, అంచు మీద వేసిన పంచర్లు నమ్మొద్దు, వేడికి ఊడిపోతే ప్రమాదం అన్నారు. కొత్త టైరు 4,600. గాలి కొట్టే చిన్న మిషను, పంచర్ కిట్టు కలిపి ఇంకో 2,100. మాస్టారు నష్టమంతా కూడి 9,400 అని మెసేజి పెట్టారు. మన్ననూరు తర్వాత ఆయన నాతో అన్న మొదటి మాట అదే.