చదరంగం పావుల పుట్టిల్లు వెతుక్కుంటూ: బ్రీంజ్, ఓర్టిసేయి

నా దగ్గరున్న పాత చదరంగం సెట్టులో పావులన్నీ చెక్కతో చెక్కిన మనుషుల బొమ్మలు. అమ్మినాయన అవి స్విట్జర్లాండ్‌వని, రెండు వందల ఏళ్ల నాటివని చెప్పాడు. నిజమేంటో తేల్చుకుందామని రాజును, గుర్రాన్ని, రెండు బంట్లను మెత్తటి గుడ్డలో చుట్టుకుని బయల్దేరాను. ఇలాంటి పనికి ఫోటోలు చాలవు. పావు బరువు, వాసన ఫోటోలో రావు కదా.

మొదట బ్రీంజ్, స్విట్జర్లాండ్‌లో చెక్కబొమ్మలకు పేరున్న ఊరు. స్టేషను సరస్సు ఒడ్డునే ఉంది, సామానుతో దిగినా ఇబ్బంది లేదు. 1816లో క్రిస్టియన్ ఫిషర్ ఇక్కడ యాత్రికుల కోసం చెక్క వస్తువులు చెయ్యడం మొదలుపెట్టాడు. 1884లో చెక్కడం నేర్పే బడి కూడా వచ్చింది. మ్యూజియంలో గంట చాలనుకున్నాను, మూడు గంటలున్నాను. అక్కడి ఎలుగుబంట్ల వీపు మీద బొచ్చు ఒక్కో వెంట్రుకా ఉలి గీతే. ముదురు గోధుమ రంగు తప్ప వేరే రంగు దాదాపు లేదు. నా రాజు అంగీ మాత్రం నున్నగా చెక్కి, ఎరుపూ నీలమూ పూసి ఉంది. ఇది ఈ ఊరి చెయ్యి కాదని అప్పుడే అనిపించింది.

బస శుభ్రంగా ఉంది, కిటికీలోంచి సరస్సు కనిపిస్తుంది. దీపం మాత్రం బాగా మసక. పావులు పరీక్షించాలనుకునేవాళ్లు చిన్న టార్చి, భూతద్దం తప్పకుండా వెంట ఉంచుకోండి.

దారిలో ఒక పాత వస్తువుల దుకాణంలో చూపిస్తే, దుకాణదారు పావు తిరగెయ్యకుండానే "పద్దెనిమిదో శతాబ్దం" అనేసి, పాలిష్ పట్టిస్తానన్నాడు. నాకు చాలా కోపం వచ్చింది. వేళ్లు తగిలి తగిలి కిరీటం మీద వచ్చిన నునుపు పాలిష్‌తో పోతే మళ్లీ రాదు. కలప వయసు తేల్చే రేడియోకార్బన్ పరీక్ష చేయించమని కూడా చాలామంది చెబుతుంటారు. 1650 తర్వాతి కలపకి అది స్పష్టమైన జవాబివ్వదు, పైగా పావులోంచి ముక్క తియ్యాలి.

తర్వాత ఓర్టిసేయి, ఉత్తర ఇటలీలోని గెర్దైనా లోయలో చెక్కబొమ్మలకు పేరున్న ఇంకో ఊరు. అక్కడికి రైలు లేదు. బోల్జానోలో దిగి బస్సెక్కాలి, సుమారు గంట. మొదటి ప్రపంచయుద్ధంలో రష్యన్ ఖైదీల చేత వేయించిన చిన్న రైలుమార్గం ఒకటి ఈ లోయలో ఉండేది. 1960లో మూసేశారు. ఇప్పుడది నడకదారి, సాయంత్రం తప్పక నడవండి. గెర్దైనా మ్యూజియం మాత్రం అన్ని రోజులూ తెరవరు, ముందే చూసుకుని వెళ్లండి. లోపల ఈ లోయ చెక్కబొమ్మలు, క్రైస్తవ పునీతుల విగ్రహాలు చూస్తుంటే నా రాజుగారి చుట్టాల ఇంటికొచ్చినట్టుంది. అవే నున్నటి మడతలు, అదే గుండ్రటి బుగ్గ.

బస యజమానురాలు అడగకుండానే టేబుల్ దీపం తెచ్చిచ్చారు. దాన్ని పక్కకి వంచి, వెలుతురు ఏటవాలుగా పడేలా పెట్టి రాజును బోర్లించాను. అడుగు మధ్యలో ఒక రంధ్రం. చెక్కేటప్పుడు కదలకుండా స్క్రూతో బిగించిన గుర్తు అది. పక్కనే చిన్న ఎర్రటి ముడి, ముక్కు దగ్గర పెడితే ఇంకా సన్నటి జిగురు వాసన. ఆల్ప్స్‌లో పెరిగే సెంబ్రా పైన్ లక్షణాలివి. అంచున అరిగిపోయిన ఇంగ్లీషు అక్షరాలు: ఐ, టి, ఏ... ఇటలీ!

ఆ ముద్రే కాలం చెప్పింది. ఈ లోయ ఆస్ట్రియా చేతిలోంచి ఇటలీకి వచ్చింది 1919 ఒప్పందంతో. కాబట్టి నా రాజు అంతకంటే పాతవాడు కాడు. దిగుమతి సరుకు మీద దేశం పేరు ఇంగ్లీషులో ఉండాలని అమెరికాలో 1891 నుంచి చట్టం ఉంది, బహుశా అక్కడికి పంపడానికే ఈ ముద్ర కొట్టి ఉంటారు. ముద్ర లేనంత మాత్రాన పావు పాతదైపోదు, అది గుర్తుంచుకోవాలి.

పావుల కోసమే వెళ్లేవాళ్లకి నా ఓటు ఓర్టిసేయికే. కనీసం రెండు రాత్రులుండండి. సరస్సు, ఎలుగుబంట్లు కావాలంటే బ్రీంజ్‌కి ఒక పూర్తి రోజు ఇవ్వండి.

ఇంటికి రాగానే మిగతా ఇరవై ఎనిమిదీ తిరగేశాను. ఐదింటికి అదే ముద్ర ఉంది. ఒక్క గుర్రానికి మాత్రం అడుగున ఆకుపచ్చ ఫెల్ట్ గుడ్డ అంటించి ఉంది, చేతిలో బరువు కూడా తేడాగా ఉంది. ఆ ఫెల్ట్ ఇంకా ఊడదీయలేదు.