పెంపుడు జంతువులున్న ఇల్లు: వార్నింగ్‌కే బయల్దేరాలా, ఆర్డర్ వచ్చేదాకా ఆగొచ్చా?

అమెరికాలోని కాలిఫోర్నియా లాంటి చోట్ల కార్చిచ్చుల సీజన్ వచ్చిందంటే ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. వార్నింగ్ అంటే ముప్పు రావచ్చు, ఇల్లు ఖాళీ చేయడానికి సిద్ధంగా ఉండమని అధికారులు ఇచ్చే హెచ్చరిక; ఆర్డర్ అంటే వెంటనే ఖాళీ చేయమనే ఆదేశం. ఆగుదామనే వాళ్ల మాటలోనూ నిజం లేకపోలేదు. వార్నింగ్ వచ్చిన ప్రతిసారీ మంట ఇంటిదాకా రాదు. హోటల్ ఖర్చు, ఆఫీసుకు సెలవు, పిల్లలకు బడి నాగా. రెండుసార్లు ఊరికే వెళ్లొచ్చాక మూడోసారి కాలు కదలదు.

మనుషులు మాత్రమే ఉన్న ఇల్లయితే, బ్యాగులు సర్ది, కారు రోడ్డు వైపు తిప్పి పెట్టుకుని కాసేపు చూస్తామంటే నేను పెద్దగా వాదించను. పిల్లో కుక్కో ఉంటే మాత్రం నా ఓటు వార్నింగ్‌కే. కాలిఫోర్నియా అధికారులు వార్నింగ్ అంటే ఏమిటో చెప్పేటప్పుడే, పెంపుడు జంతువులు, పశువులు ఉన్నవాళ్లు అప్పుడే బయల్దేరాలని చెబుతారు.

నా దృష్టిలో అసలు విషయం రోడ్డు. ఆర్డర్ వచ్చిందంటే ఆ ప్రాంతంలోకి ఎవరినీ వెళ్లనివ్వరు. ఆగుదామనే వాళ్లంతా ఆ సమయానికి తాము ఇంట్లోనే ఉంటామని లెక్కేసుకుంటారు. ఆఫీసులో ఉండగా ఆర్డర్ వస్తే? కుక్క లోపలే ఉందని ఎంత మొత్తుకున్నా పోలీసులు వెనక్కి పంపేయొచ్చు. ఇంటి తాళంచెవి నమ్మకమైన పక్కింటివాళ్ల దగ్గర ఒకటి ఉండాలనేది అందుకే. పైగా ఆర్డర్ వేళకు అందుతుందన్న హామీ కూడా లేదు. 2018 నవంబర్ 8న కాలిఫోర్నియాలోని పారడైజ్ పట్టణం వైపు మంట ఉదయం ఆరున్నర ప్రాంతంలో బయల్దేరి, ఎనిమిదికల్లా ఊరి అంచుకు చేరింది. చాలామందికి హెచ్చరికే అందలేదు. రోడ్లు జామ్ అయిపోయాయి. ఆ అగ్నిప్రమాదంలో 85 మంది చనిపోయారు.

ఇక పిల్లి సంగతి. మన కంగారు చూడగానే అది మంచం కింద గోడవారకు, చేయి అందని చోటికి పోతుంది. పొగ వాసన వస్తుండగా మంచం జరపడం కంటే టెన్షన్ ఇంకోటి లేదు. అందుకని వార్నింగ్ రాగానే ముందు దాన్ని బాత్రూంలో పెట్టి తలుపు వేయండి, కాగితాలూ మందులూ సర్దడం ఆ తర్వాత. పిల్లిని పెట్టి తీసుకెళ్లే పెట్టె, అదే క్యారియర్, గుడ్డదా, ప్లాస్టిక్‌దా అంటే ప్లాస్టిక్‌దే. తలుపు పైకి వచ్చేలా నిలబెట్టి, పిల్లిని వెనక కాళ్ల వైపు నుంచి దింపితే పెనుగులాట తగ్గుతుంది.

షెల్టరా, స్నేహితుల ఇల్లా? స్నేహితుల ఇల్లే, ముందే అడిగి ఉంచుకుంటే. జంతువుల్ని రానివ్వని షెల్టర్లు ఉంటాయి. డబ్బు తీసుకుని జంతువుల్ని ఉంచుకునే బోర్డింగ్ అయితే టీకాల కాగితాలు అడుగుతారు.

తిండీ నీళ్లూ పెట్టి ఇంట్లోనే వదిలేయడం అసలు లెక్కలోకి రాదు. తప్పనిసరైతే కట్టేయకండి, లోపల జంతువు ఉందని ఫైర్ సిబ్బందికి చెప్పండి. జంతువును గుర్తుపట్టడానికి దాని చర్మం కింద పెట్టించిన మైక్రోచిప్‌కు జతచేసిన ఫోన్ నంబర్ పాతదైతే మాత్రం ఇవాళే మార్పించండి.